మన లిపి – మన తాటాకు గ్రంథములు

ప్రతి సంవత్సరము బడి తెరచు దినములలో పిల్లలను చేర్పింప వచ్చు తల్లిదండ్రులు పలువురు మమ్ము ఒక ప్రశ్న అడుగుచుందురు. "అయ్యవారూ, ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే, కాదనడం లేదు. కాని ఊర్లో బోర్డులు కన్నడం, బస్సు మీద కన్నడం, కచేరీలో కాగితాలన్నీ కన్నడం. బిడ్డ నెత్తిన రెండు లిపులు ఎందుకు రుద్దేది?" అని. ఈ ప్రశ్న అడిగినవారిని మేమెన్నడును తప్పు పట్టలేదు. బిడ్డకు భారము తగ్గవలెనని కోరుట తల్లిదండ్రులకు సహజము. కాని ఈ ప్రశ్నకు తృప్తికరమగు సమాధానము దొరకనిచో వారు బిడ్డను వేరొక బడికి తీసికొనిపోవుదురు. అట్లు పోయినవారు కలరు. కావున ద్వారము కడ నిలువబడి రెండు ముక్కలలో చెప్పు సమాధానము చాలదని తలచి, ఈ వార్షిక సంచికయందు కొంత సావకాశముగా వ్రాయుచున్నాము.

మా సమాధానము క్లుప్తముగా ఇది: మన పిల్లలు నేర్చునవి రెండు లిపులు కావు. ఒకే లిపి, రెండు చేవ్రాతలు. సుమారు వేయి సంవత్సరములు తెలుగువారును కన్నడిగులును ఒకే అక్షరములతో వ్రాసికొనిరి. ఈ మాటకు సాక్ష్యము రాళ్ళపై నున్నది, రాగిరేకులపై నున్నది. తల్లిదండ్రులారా, మీ ఇండ్ల అటుకలమీద కూడ నున్నది. ఆ చివరి సాక్ష్యము మన కన్నులయెదుటనే నశించుచున్నది.

ఒక చిన్న సంగతి

గడచిన ఉగాదికి ముందు ఏడవ తరగతి బాలుడొకడు నాలుగు తాటాకులను నోటుపుస్తకము నడుమ పెట్టుకొని మాయొద్దకు వచ్చెను. పండుగకు ఇల్లు సున్నము కొట్టు సమయమున అటుకమీదినుండి ఒక కట్టను దింపిరట. చదువగలవారు ఇంట లేరు. తాటాకు బాగుగా మండును గదా అని నీళ్ళపొయ్యిలో పెట్టిరట. "అక్షరాలు ఉండేదాన్ని కాల్చకూడదు నాయనా" అని అవ్వ అడ్డుపడునప్పటికి ఈ నాలుగు ఆకులు మాత్రము మిగిలినవి.

మా తెలుగు ఉపాధ్యాయుడు యువకుడు. ఆకును వెలుతురునకు ఎత్తిపట్టి చదువసాగెను. మొదటి పంక్తి కష్టముమీద సాగినది. రెండవ పంక్తిలో "చమ" అని చదివి ఆగిపోయెను. 'మ' ప్రక్కన కుడివైపున తొమ్మిది అంకెను పోలిన కొక్కెమొకటి కలదు. అది ఏమో అతనికి తెలియలేదు. అంతలో కన్నడ ఉపాధ్యాయుడు తొంగిచూచి, "ఇది మా అర్కావత్తు గదా! 'ర'కారాన్ని ముందు పలకండి" అనెను. అట్లు పలుకగా "చర్మము" అయ్యెను. తెలుగున దీనినే వలపలగిలక అందురు. మా తాతల కాలమున తెలుగువారందరును వ్రాసినదే. తెలుగు అచ్చులో అది మరుగుపడినది, కన్నడమున నేటికిని నిలిచియున్నది.

ఇరువురును కలిసి ఒకరు ఆగినచోట మరియొకరు అందుకొనుచు ఆ నాలుగు ఆకులను చదివిరి. అది పశువుల చర్మమునకు వచ్చు గజ్జికి మందు. వేపనూనె, పసుపు అను రెండు వస్తువుల పేర్లు వచ్చినవి. మూడవదాని పేరు తరువాతి ఆకులోనికి పోయినది. ఆ ఆకు పొయ్యిలో పోయినది.

ఆ దినమున మాకు రెండు విషయములు తోచినవి. పాత తెలుగు ఆకును చదువుటకు కన్నడము తోడ్పడినది, ఇది మొదటిది. ఆ తోడ్పాటు కూడ పనికిరానంత ఆలస్యముగా మనము మేలుకొనుచున్నాము, ఇది రెండవది. ఈ రెండును బోధపడవలెనన్న లిపి నడచివచ్చిన దారిని కొంత తెలిసికొనవలెను.

బ్రాహ్మినుండి మన ఓనమాలవరకు

పావగడకు వాయవ్యముగా, చిత్రదుర్గ జిల్లా మొళకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి, సిద్ధాపురము, జటింగ రామేశ్వరము అను మూడు స్థలములు దగ్గరదగ్గరగా నున్నవి. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దియందు అశోక చక్రవర్తి వ్రాయించిన ధర్మశాసనములు అచటి బండలమీద కలవు. సువర్ణగిరినుండి ఇసిల యందలి అధికారులకు పంపిన ఆజ్ఞలవి. వానిని వ్రాసినవాడు చపడుడు అను లేఖకుడు. అతడు శాసనమంతయు బ్రాహ్మీలిపిలో వ్రాసి, చివర "లేఖకునిచే" అను అర్థమునిచ్చు మాటను మాత్రము వాయవ్య సరిహద్దు దేశములలో వాడుకయందుండిన ఖరోష్ఠీలిపిలో, కుడినుండి ఎడమకు చెక్కించెను. రెండు లిపులు వచ్చినవాడు తన విద్యను చూపుకొనుట యన్నమాట. రెండు లిపులు నేర్చుట మన ప్రాంతమున నిన్న మొన్నటి సంగతి కాదని చెప్పుటకు ఇంతకంటె పాత ఉదాహరణము ఏల?

ఆ బ్రాహ్మియే మన లిపికి మూలము. బ్రాహ్మిలో 'క' కూడిక గుర్తువలె నుండును. 'గ' కప్పు దూలములవలె రెండు వాలుగీతలు. 'ఠ' వట్టి సున్న. 'థ' నడుమ చుక్కగల సున్న. ఇప్పుడు మీ బిడ్డ పలకను చూడుడు. 'గ'లో ఆ రెండు వాలుగీతలే వంగి కమానుగా మారినవి, పైన తలకట్టు చేరినది. 'ఠ', 'థ'లలో ఆ సున్న ఇంచుమించు రెండువేల రెండువందల ఏండ్లుగా చెక్కుచెదరలేదు. 'క' మాత్రము బాగుగా మారినది. నిలువుగీత కాలు సాగి వంగినది, అడ్డగీత కొనలు క్రిందికి వాలినవి, తలపై ఒక గుర్తు మొలచినది.

ఈ మార్పు ఒక్కనాట జరిగినది కాదు. కృష్ణా ముఖద్వారమునకు చేరువనున్న భట్టిప్రోలు స్తూపమున 1892లో దొరకిన ధాతుభరిణెలపైని అక్షరములు బ్రాహ్మిలోనే ఒక ప్రత్యేకపు పోకడను చూపుచున్నవి. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనములలో నిలువుగీతలు పొడవు సాగి కొనలు ఒయ్యారముగా వంపు తిరిగినవి. అటుపిమ్మట పడమట కదంబులును, తూర్పున శాలంకాయనులును వ్రాయించిన శాసనములలో అక్షరమునకు తల ఏర్పడి, ఒడలు గుండ్రనైనది. హాసన జిల్లా బేలూరు తాలూకాలోని హల్మిడి శాసనము కన్నడమున మిక్కిలి పాతవానిలో ఒకటి, సుమారు 450 నాటిది. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలములోని కలమళ్ళ శాసనము తెలుగున మిక్కిలి పాతది, సుమారు 575 నాటిది. ఎరికల్ ముత్తురాజు అను రేనాటి చోళుడు వేయించినది. భాషలు వేరు. అక్షరములు మాత్రము ఒకే కుటుంబమునకు చెందినవి.

ఒకే అక్షరములు ఏల అనగా, ఒకే రాజకుటుంబము రెండు నేలలను ఏలినది. బాదామి చాళుక్యుడగు రెండవ పులకేశి ఏడవ శతాబ్ది మొదటి భాగమున వేంగిని జయించి తన తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనునకు అప్పగించెను. అన్న ఆస్థానమున వ్రాసిన వ్రాతయే తమ్ముని ఆస్థానమునను నిలిచి వృద్ధిపొందెను. పండితులు దీనిని తెలుగు–కన్నడ లిపి అని ఒకే పేరున పిలుచుచున్నారు.

దీనికి మాకు మిక్కిలి ప్రియమైన దృష్టాంతము కరీంనగర్ జిల్లాలోని కుర్క్యాల గుట్టమీద కలదు. కన్నడ ఆదికవిగా కీర్తిగాంచిన పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్ది నడుమ అచట ఒక శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు కలవు. తెలుగు కందపద్యములు కూడ నున్నవి. మూడు భాషలకును లిపి ఒక్కటే. నాటి చదువరికి రెండు లిపుల భారము అను మాటయే తెలియదు.

మన పరిసరములలోనే చూడుడు. పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గమును ఏలిన చోళవంశపు దొరలు 12, 13 శతాబ్దులలో వేయించిన శాసనములు కన్నడమున నున్నవి. బి.ఎల్. రైస్ 1904లో ప్రకటించిన తుమకూరు జిల్లా శాసనసంపుటములో పావగడ తాలూకా శాసనములకు ఒక భాగమే కేటాయింపబడినది. సరిహద్దు దాటి అమరాపురము మండలములోని హేమావతికి పోయినచో, అది ఒకప్పుడు హెంజేరు అను పేర నొళంబ పల్లవుల రాజధాని. అచటి శాసనములును కన్నడముననే యున్నవి. నేడు హేమావతి ఆంధ్రప్రదేశమున నున్నది, తెలుగు మాటలాడు మనము కర్ణాటకమున నున్నాము. భూమిపై గీత గీచుట సులభము. అక్షరములను అట్లు చీల్చుట కష్టము.

ఒక్కటి రెండైన విధము

13వ శతాబ్దినుండి 15వ శతాబ్దివరకు ఈ లిపి మెల్లమెల్లగా రెండు పాయలాయెను. ముఖ్యమైన భేదము తలకట్టులో వచ్చినది. తెలుగు వ్రాయసకాండ్రు దానిని పైకి ఎగసిన చిన్న టిక్కు గుర్తుగా వ్రాయజొచ్చిరి. కన్నడ వ్రాయసకాండ్రు అడ్డముగా సాగించి కొనను వంచిరి. 'క', 'త', 'శ' వంటి కొన్ని అక్షరములును, ఎత్వము వంటి కొన్ని గుణింతపు గుర్తులును దూరమైనవి. 'అ', 'ఆ', 'గ', 'జ', 'ఠ', 'డ', 'ద', 'న', 'బ', 'ర', 'ల', 'ళ' మొదలగు అనేకాక్షరములు నేటికిని అన్నదమ్ములవలె పోలికతో నున్నవి. విజయనగర కాలమున చూపరికి భేదము తెలియుచుండెను గాని, ఒకటి వచ్చినవాడు రెండవదానిని కూడబలుకుకొని చదువగలిగెడివాడు.

వేరుపాటును గట్టిపరచినది అచ్చు. 19వ శతాబ్దియందు తెలుగునకు వేరుగను, కన్నడమునకు వేరుగను సీసపు అక్షరములు పోతపోసిరి. చేవ్రాత ఊరికొక తీరుగ మారవచ్చును, పోతపోసిన అక్షరము మారదు. నాటినుండి రెండు లిపులు రెండు పెట్టెలలో చేరినవి. అయినను చుట్టరికము పోలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే ఈ రెండు లిపులకును తలా 128 గదులు కేటాయింపబడినవి. ఆ గదులు ప్రక్కప్రక్కనే కలవు. తెలుగు వరుసలో 'క' ఎన్నవ గదియో, కన్నడ వరుసలోను అన్నవ గదియే. మీ చేతిలోని ఫోనులో కూడ ఆ ఇరుగుపొరుగుతనము సాగుచునే యున్నది.

స్లావుల కథ

లిపి చీలుట, ఒకదానిపై మరియొకటి నెగ్గుట మన దేశముననే జరిగిన వింత కాదు. తూర్పు ఐరోపాలోని స్లావు జాతుల కథను పోల్చి చూచిన మన అదృష్టము తెలియును. వారికి తొమ్మిదవ శతాబ్దివరకు సొంత లిపి లేదు. 863 ప్రాంతమున సిరిల్, మెథోడియస్ అను అన్నదమ్ములు మొరావియా దేశమునకు మతబోధకై పోవుచు, స్లావుల పలుకులకు సరిపడునట్లు ఒక క్రొత్త లిపిని కల్పించిరి. దానికి గ్లాగోలితిక్ అని పేరు. 885లో మెథోడియస్ మరణించిన పిదప వారి శిష్యులు మొరావియానుండి వెడలగొట్టబడి బల్గేరియాలో ఆశ్రయము పొందిరి. అచట గ్రీకు అక్షరములను ఆధారముగ చేసికొని, గ్రీకులో లేని ధ్వనులకు వేరు అక్షరములు చేర్చి, మరియొక లిపి ఏర్పరచిరి. గురువుపై భక్తిచే దానికి సిరిలిక్ అను పేరు వచ్చినది. సిరిల్ స్వయముగా కల్పించినది దానికి ముందటి గ్లాగోలితిక్. నేడు రష్యనులు, బల్గేరియనులు, సెర్బులు వ్రాయునది సిరిలిక్ సంతతియే.

వారు తోలుపై వ్రాసెడివారు. తోలు వెలగలది. కావున పాత గ్లాగోలితిక్ పుటను గీకివేసి, దానిపైననే సిరిలిక్‌లో వ్రాయుట కద్దు. బోయానా ప్రతి అనబడు గ్రంథము అట్టిదే. పై వ్రాతక్రింద గీకివేసిన పాత వ్రాతను పండితులు శ్రమపడి చదివిరి. క్రొయేషియాలో మాత్రము కొందరు మతాచార్యులు గ్లాగోలితిక్‌ను విడువలేదు. 1483లో ఆ లిపిలో పూజావిధుల పుస్తకమును అచ్చువేసిరి. 19వ శతాబ్దివరకును అది అచట చర్చిలలో నిలిచినది.

ఇందు మనము గ్రహింపవలసినది రెండు మాటలు. మన లిపిని ఒక మహానుభావుడు ఒకనాట కల్పించలేదు. అది ఏరువలె పారి వచ్చినది, అందు తెలుగువాని నీరెంతో కన్నడిగుని నీరెంతో వేరుచేయలేము. సెర్బులును క్రొయేషియనులును మాటలాడు భాష ఇంచుమించు ఒక్కటే యైనను, ఒకరు సిరిలిక్‌లోను ఒకరు రోమను లిపిలోను వ్రాయుట వారి నడుమ గోడ యైనది. మనకు భాషలు రెండైనను లిపి మూలము ఒక్కటి. మనకున్నది గోడ కాదు, వాకిలి.

తాటాకు పుస్తకము తయారగు విధము

ఇక మన పుస్తకముల సంగతి. తోలుకు బదులు మనవారు తాటియాకును, శ్రీతాళపు ఆకును వాడిరి. ఇంకను పూర్తిగా విచ్చుకొనని ఆకులను కోసి, నడిమి ఈనెను తీసివేసి, నీడన ఆరవేయుదురు. పసుపు వేసిన నీటిలో ఉడికించి మరల ఆరవేయుదురు. పిదప నున్నని రాతితోనో గవ్వతోనో రుద్ది నునుపు చేసి, ఒకే కొలతకు కత్తిరించి, త్రాడు దూర్చుటకు రంధ్రములు పొడుచుదురు. ఆకు వెడల్పు రెండు వ్రేళ్ళంత మాత్రమే. మరి వ్రాయుట ఎట్లు? సిరా లేదు. ఆకును ఎడమచేత పట్టుకొని, కుడిచేతి ఇనుప గంటముతో అక్షరమును గీరుదురు. గీరినప్పుడు అక్షరము కంటికి సరిగా ఆనదు. పుట ముగిసిన పిదప నూనెలోనో ఆకుపసరులోనో కలిపిన మసిని పూసి తుడువగా, గీరిన గాడిలో మసి నిలిచి అక్షరము నల్లగా వెలుగును.

ఆకు నారలు పొడవునకు సాగియుండును. నారవెంబడి తిన్నని అడ్డగీత లాగినచో ఆకు చీలును. మన అక్షరములు గుండ్రనగుటకు పెక్కుమంది చెప్పు కారణము ఇదియే. గుండ్రదనము రాతిపైనను ముందే కనబడుచున్నది కావున ఇదియొక్కటే కారణమనుట సాహసము. కాని తాటాకు ఆ పోకడను పోషించినదనుట న్యాయము.

ఆకులలో పదముల నడుమ ఎడము విడువరు. ఎత్వ ఏత్వములకు, ఒత్వ ఓత్వములకు భేదము చూపకపోవుట సామాన్యము. చివర లేఖకుడు సంవత్సరము, మాసము, తిథి, వారము వ్రాయును. కాని సంవత్సరము మన్మథ, దుర్ముఖి అని పేరుతోనే యుండుటచేత, అరువదియేండ్లకొకమారు తిరిగివచ్చు ఆ పేరును బట్టి ఏ శతాబ్దియో తేల్చుట కష్టము. పెక్కు ప్రతులలో లేఖకుడు తాను పడిన శ్రమను చెప్పుకొని, గ్రంథమును బిడ్డవలె కాపాడుడని వేడుకొనును. ఆ వేడికోలు ఎవరికో కాదు, మనకే.

మన ప్రాంతమున మరియొక రకపు పుస్తకము కూడ నుండెడిది. కడితము. గుడ్డకు చింతపిక్కల జిగురును బొగ్గుపొడిని కలిపి పూసి, ఎండబెట్టి, మడతలుగా మడిచి, బలపముతో వ్రాసెడివారు. చెరిపి మరల వ్రాయవచ్చును. వర్తకులును శానుభోగులును లెక్కలు దీనిలోనే ఉంచిరి. మీ ఇంట నల్లని దళసరి గుడ్డ మడతలు కనబడినచో అది చింకిపాత యని పారవేయకుడు.

పోయినవి, మిగిలినవి

తాటాకు మన ఎండలకు, తేమకు, చెదలకు నిలిచి మూడు నాలుగువందల ఏండ్లకు మించి బ్రతుకుట అరుదు. కావుననే మనవారు తరతరమును తిరుగవ్రాసిరి. నేడు దొరకుచున్న ప్రతులలో పెక్కు 17వ శతాబ్దినుండి 19వ శతాబ్దివరకు వ్రాసినవి. పదునొకండవ శతాబ్దివాడగు నన్నయ వ్రాసిన భారతము మనకు దక్కినదన్న, పేరు తెలియని లేఖకులు ఒకరి పిదప ఒకరు తిరుగవ్రాయుటచేతనే. గొలుసులో ఒక్క కడియము తెగినచో గ్రంథము పోవును. అచ్చు వచ్చిన పిదప తిరుగవ్రాయువారు లేకపోయిరి. అచ్చుపడనివి అటుకలపై మిగిలిపోయెను.

అప్పుడు కొందరు మేలుకొనిరి. కాలిన్ మెకంజీ మైసూరు సీమను కొలుచు కాలమున, ఆయనవద్ద పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య అను తెలుగువాడు పాత కన్నడ శాసనములను చదువుటలో తోడ్పడెను. ఒకే లిపి యను మాటకు ఇదియు ఒక దృష్టాంతమే. బొర్రయ్యయు, ఆయన సోదరుడు లక్ష్మయ్యయు, వారి సహాయకులును సేకరించిన గ్రామ కైఫీయతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నేటికిని కలవు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను జీతములకు పెట్టుకొని తాటాకులను సేకరించి, పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను, 1852లో తెలుగు నిఘంటువును ప్రకటించెను.

ఇంతకంటె మన రాష్ట్రములోనే జరిగిన సంగతి ఒకటి చెప్పెదము. మైసూరున 1891లో ప్రాచ్య గ్రంథాలయము స్థాపింపబడెను. తంజావూరు జిల్లా పండితుడొకరు ఒక తాటాకు కట్టను తెచ్చి అచట అప్పగించెను. గ్రంథాలయాధికారియగు ఆర్. శామశాస్త్రిగారు దానిని విప్పి చూచి, శతాబ్దులుగా పేరు మాత్రమే వినుచుండిన కౌటిల్యుని అర్థశాస్త్రమని గుర్తించిరి. 1909లో మూలమును, 1915లో ఆంగ్లానువాదమును ప్రకటించిరి. ప్రపంచము భారతదేశపు రాజనీతిని చూచు దృష్టియే మారిపోయినది. ఆ పండితుడు ఆ కట్టను పొయ్యిలోనో కావేరిలోనో వేసియుండినచో? ప్రతి కట్టలోను అర్థశాస్త్రము ఉండునని మేము చెప్పము. కాని విప్పి చూడనిదే ఏమున్నదో తెలియదని మాత్రము చెప్పగలము.

చేయవలసినది

తల్లిదండ్రులారా, మీరు చేయవలసినది కొంచెమే. తాటాకు కట్ట దొరకినచో కాల్చకుడు, బావిలోనో చెరువులోనో విడువకుడు. పాత ప్రతిని నీట విడుచు ఆచారము ఒకప్పుడు కలదు. అది క్రొత్త ప్రతి వ్రాసికొనిన పిదప చేసినది. మనము క్రొత్త ప్రతి వ్రాయుట లేదు, విడుచుట మాత్రము చేయుచున్నాము. అతుకుకొనిన ఆకులను లాగి విడదీయకుడు. నీటితో కడుగకుడు. ఇంటనున్న నూనె ఏదైనను పూయకుడు, అది తెలిసినవారు చేయవలసిన పని. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, నేలకు గోడకు తగులకుండ, పొడిగానుండు చోట ఉంచుడు. త్రాడు తెగినచో ఆకుల వరుస చెడకుండ చూడుడు. వరుస చెడిన గ్రంథము సగము పోయినట్లే.

పిదప ఒక్కమారు మాకు చూపుడు. మేము తీసికొనము. మీ యెదుటనే తెలుగు, కన్నడ ఉపాధ్యాయులు ఇరువురును కూర్చుండి చదువగలిగినంత చదివి, ప్రతి ఆకును ఫోటో తీసి, కట్టను మరల మీ చేతికే ఇచ్చెదరు. మావలన కానిచో మైసూరులోని ప్రాచ్య విద్యా సంశోధనాలయము కలదు. 2003లో కేంద్ర ప్రభుత్వము లిఖిత గ్రంథముల రక్షణకై ఒక జాతీయ సంస్థను ఏర్పరచెను. 2025లో ఆ పనినే కోటికి పైబడిన ప్రతులకు విస్తరించుటకు సంకల్పించెను. పెద్దలు తమ పని చేయుచున్నారు. మన అటుకమీది కట్టను దింపవలసినది మాత్రము మనమే.

భారత రాజ్యాంగమున 29వ అధికరణము, తమకు ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వానిని కాపాడుకొను హక్కు నిచ్చినది. "లిపి" అను మాట అందు వేరుగా చెప్పబడియున్నది, గమనింపుడు. హక్కు కాగితముపై నున్నంత మాత్రమున లిపి బ్రతుకదు. చదువువాడు ఉన్నచోటనే బ్రతుకును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చెదము. బిడ్డకు రెండు లిపులు ఏల? తెలుగు వచ్చిన బిడ్డకు కన్నడాక్షరములలో సగము ముందే వచ్చినట్లు. కన్నడము వచ్చిన బిడ్డకు పాత తెలుగు ఆకు తెరచుకొనును. ఒక్కటి మాత్రమే వచ్చినవాడు ఆ నాలుగు ఆకులలో "చమ" వద్దనే ఆగిపోవును. ఈ రెంటిలో ఏదియు రానివానికి అది నీళ్ళపొయ్యికి పనికివచ్చు పుల్ల. 2008లో కేంద్ర ప్రభుత్వము తెలుగు కన్నడములు రెంటికిని ఒకేమారు ప్రాచీనభాషలుగా గుర్తింపు నిచ్చినది. ఆ రెంటిని ఒకే ఒడిలో పెంచు భాగ్యము మనవంటి సరిహద్దువారికే కలదు. దానిని భారమని తలపవలదని ప్రార్థించుచున్నాము.

ఆ బాలుడు ఇప్పుడు ఎనిమిదవ తరగతిలో నున్నాడు. ఆ నాలుగు ఆకులను నూలుగుడ్డలో చుట్టి వాని అవ్వ తన పెట్టెలో దాచినదట. మందులోని మూడవ వస్తువు ఏదో ఆమెకు కూడ గుర్తు లేదట. మీలో ఎవరి ఇంటనైనను అట్టి మందు వ్రాసిన కట్ట ఉన్నచో, దయచేసి ఒక్కమారు బడికి తెండు.

– ప్రధానోపాధ్యాయుడు